తోక లేని చేప

మొగపాలెంలో చీకట్లో వెలిగే ప్రతిదాన్నీ రేడియమే అంటారు. తీర్థంలో కొన్న ప్లాస్టిక్ చిలక రేడియం, ఆటో వెనక అంటించిన అమ్మవారు రేడియం, గోడగడియారం ముళ్ళు రేడియం. తను పనిచేసే చోట అసలు రేడియం గోరంత కూడా లేదనీ, అది ముట్టుకున్నవాళ్ళ ఎముకల్ని తినేస్తుందనీ దానయ్య మొదట్లో చెప్పి చూశాడు. "అయితే నువ్వు ముట్టుకునే ఉంటావు. అందుకే ఇలగ పుల్లలా అయిపోనావు" అన్నారు. ఆ తర్వాత చెప్పడం మానేశాడు. జనం ఒక మాటను పట్టుకుంటే ఇక దాని వెనక ఏముందో చూడరు. అదే పొరపాటు తను కూడా చేయబోతున్నాడని అప్పుడతనికి తెలియదు.

జాలరి ఇంట పుట్టి సముద్రమెక్కితే కడుపులో తిప్పే మనిషి దానయ్య. తండ్రి రెండుసార్లు పడవెక్కించి, రెండుసార్లూ తిట్టుకుంటూ దించాడు. తమ్ముడు సత్తెయ్య పడవ మీదే పుట్టినట్టు తిరిగాడు. దానయ్య బడి మానేసి, ఇటుకబట్టీల్లో మసిబారి, గాజుల కార్ఖానాలో కనుబొమలు కాల్చుకుని, చివరికి ఊరవతల పాత రొయ్యల షెడ్డులో పెట్టిన ప్రయోగశాలలో కొలిమి మనిషిగా కుదిరి, మకాం కూడా అక్కడికే మార్చాడు. దాన్ని నడిపేది హైమవతి అనే డాక్టరు. మందులిచ్చే డాక్టరు కాదు, చదువు డాక్టరు. యాభై దాటిన మనిషి. నవ్వడం తక్కువ, నిద్రపోవడం ఇంకా తక్కువ.

షెడ్డు వెనక గదికి నల్లటి తెరలు కట్టి ఉండేవి. అందులో బల్ల మీద సీసాలు. తెర దించగానే ఒక్కో సీసా ఒక్కో తీరుగా మేల్కొనేది. జింకు సల్ఫైడుది లేతపచ్చ. చవక సరుకు, ఆటబొమ్మలకు వేస్తారు. ఓట్లకొచ్చిన నాయకుడిలా కాసేపు మెరిసి, అరగంట తిరక్కుండా మొహం చాటేస్తుంది. కాల్షియం సల్ఫైడుది నిప్పుకణిక ఎరుపు. చూడముచ్చటగా ఉంటుంది గానీ రవంత చెమ్మ తగిలితే చాలు, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టి చచ్చిపోతుంది. సముద్రపు ఒడ్డున దాన్ని బతికించడమంటే ఉప్పుమూటను వానలో మోయడమే. వీటన్నిటికీ పెద్ద స్ట్రాన్షియం అల్యూమినేటు. బరువైనది, ఇసకలా గరగరలాడుతుంది, ఒకసారి ఎండ తాగిందంటే తెల్లారేదాకా నీలిపచ్చగా వెలుగుతూనే ఉంటుంది. వేడి తగిలితే దాచుకున్నదంతా ఒక్కసారే గుమ్మరిస్తుంది, చల్లబరిస్తే పొదుపుగా ఖర్చు పెడుతుంది. దానికున్న జబ్బు ఒక్కటే. రవ్వ పెద్దదిగా ఉన్నంతసేపే దాని రాజసం. మెత్తగా నూరితే వెలుగు చచ్చిపోతుంది.

హైమవతికి కావలసింది మాత్రం మెత్తటి పొడి.

"పడవ బోల్తాపడి నీళ్ళల్లో తేలుతున్న మనిషి, వెతికేవాళ్ళ కంటపడాలి దానయ్యా" అనేది. "చొక్కాకు పూస్తే చొక్కా కొట్టుకుపోతుంది. తుపానులో ఎండ ఎక్కడిది, తాగి వెలగడానికి? ఒంట్లోనే ఉండాలి. ఒంటి వేడికే వెలగాలి."

"ఒంట్లో అంటే పచ్చబొట్టేనా మేడమ్?"

"పచ్చబొట్టే. సూది మొనకు ఇమడాలి."

ఇమిడేలా నూరితే వెలుగు చచ్చేది. బతికించడానికి ఏవేవో ఖనిజాల పొడులు కలిపేది ఆమె. ఇతను మూసలో పోసి కొలిమిలో పెట్టేవాడు. మూస అంటే ఎంత మంటకైనా కరగని గిన్నె. మూస తెల్లగా కాలేది, చల్లారేది, పొడి నూరేవారు, తెర దించేవారు, చీకటి. మళ్ళీ మొదలు. దానయ్యకిది బాగా అలవాటైన వ్యవహారమే. జీవితంలో తను కాల్చిందంతా చివరికి చీకటిగానే తేలింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ నల్లగదిలో, అప్పుడే నూరిన పొడిలో సగం పళ్ళెంలో పెట్టి, మిగతా సగం ఎంత మెత్తగా వచ్చిందో చూద్దామని అరచేతిలో వేసుకుని పిడికిలి బిగించాడు. చేతిలో ఏమీ వెలగలేదు. గదికి ఆ చివర, బల్ల మీద, పళ్ళెంలోని పొడి మాత్రం తెల్లవారుజామున సముద్రం తెల్లబడ్డట్టు మెల్లగా వెలిగింది.

దానయ్య పిడికిలి విప్పి పొడిని నేలమీది చల్లటి రాతిపలక మీద పోశాడు. పళ్ళెం ఆరిపోయింది. మళ్ళీ తీసి పట్టుకున్నాడు. వెలిగింది.

"మేడమ్, ఇక్కడ చెయ్యి పెడితే అక్కడ వెలుగుతోంది!"

ఆ పూటంతా హైమవతి అతని చేత పిడికిలి మూయిస్తూ విప్పిస్తూనే ఉంది. పళ్ళేన్ని బయట చెట్టు కిందికి పంపింది, ఊళ్ళోకి పంపింది, ఆఖరికి బస్సులో పట్నానికి పంపింది. ఎంత దూరమైనా తేడా లేదు. ఒకే మూసలో కాలిన పొడిని రెండు చేస్తే, ఈ సగానికి తగిలిన వెచ్చదనం ఆ సగంలో వెలుగయ్యేది. తన వేడికి తాను మాత్రం వెలిగేది కాదు.

"విరగ్గొట్టినా ఒకదాన్నొకటి మర్చిపోవడం లేదు" అంది హైమవతి. ఆమె గొంతు కొత్తగా ఉంది.

"మొగుడూ పెళ్ళాల యవ్వారం మేడమ్. ఈయన తింటే ఆవిడ త్రేన్చినట్టు. జంట రంగు అనీయండి, సరిపోద్ది."

వెటకారంగా అన్నాడు. మర్నాటికి సీసా మీద 'జంట రంగు' అని చీటీ అంటించి ఉంది.

*

పేరు కుదిరాక పని కూడా పేరు వెంటే నడిచింది. నీళ్ళల్లో మనిషిని వెతకడం వెనక్కి పోయింది. మొగుడికి సగం, పెళ్ళానికి సగం. మొగుడు సముద్రంలో ఉంటే పెళ్ళాం చేతి మీద వెలుగుతాడు. అనుమతులు వచ్చాయి, పెద్దవాళ్ళు వచ్చి కొబ్బరిబొండాలు తాగి వెళ్ళారు. రవ్వరవ్వకీ సన్నటి గాజుపొర పట్టించి, ఒంటికి హాని లేదని తేల్చుకున్నాక, మొగపాలెంలో ఒక పడవ వాళ్ళను ఎంచుకున్నారు. అది సత్తెయ్య ఎక్కే పడవ.

పచ్చబొట్లు పొడిచే ఆవిడ, గంగులు, వచ్చిన రోజు దానయ్య కొలిమి దగ్గరే ఉండిపోయాడు. జరిగింది ఊరంతా నవ్వుతూ చెప్తే విన్నాడు. ఒక్కో జంటకీ ఒక్కో మూస రంగు, రెండు చిప్పల్లో. అందరికీ చేపబొమ్మే. సత్తెయ్య భార్య మసేనమ్మ పళ్ళు బిగించి కూర్చుని మణికట్టు మీద చేపను తలనుంచి తోకదాకా పొడిపించుకుంది. సత్తెయ్య వంతు వచ్చింది. సొరచేపను గాలంతో లాగే మనిషి, సూది చూసి చెమటలు కక్కాడు. తల అయింది, పొట్ట అయింది, ఇక తోక మొదలెట్టబోతుంటే చెయ్యి లాక్కుని లేచి పరిగెత్తాడట.

"ఒరే, తోక లేకుండా ఈదుతాదేటిరా సేప!" అని గంగులు వెనకనుంచి అరిచిందట.

"నానీదుతాను గదా, దానికెందుకు!" అని ఇతను ఇసకలోంచి కేకేశాడట.

చిప్పలో మిగిలిన రంగు ఏం చేశారని దానయ్య అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆ ఏడాది మొగపాలెం ఆడవాళ్ళకు కొత్త అలవాటొకటి వచ్చింది. చేపలు ఎండబెడుతూనో, సంతలో బేరమాడుతూనో హఠాత్తుగా పమిట చెంగు తలమీదికి లాక్కుని ఆ గుడారంలో మణికట్టు చూసుకునేవాళ్ళు. చెంగు కింద మొహం నీలిపచ్చగా మెరిసేది. చూసి, చెంగు దించి, బేరం అందుకునేవాళ్ళు.

"ఒలే మసేనా, నీ సేప భగభగలాడిపోతందే. మీ ఆయన ఒడ్డుకి రాకముందే బిగించీసినాడు."

"మా ఆయన తాగితే నా సేప వెలుగుతాది. మీ ఆయన తాగితే నీ వీపు వాసిపోతాది. ఏది నయమో సెప్పు."

మగవాళ్ళు మాత్రం సణిగారు. నడిసముద్రంలో కూడా పెళ్ళాం కన్ను తప్పడం లేదే అని.

*

కార్తీకంలో వచ్చిన తుపాను పడవను మింగింది.

దానయ్య మొగపాలెం చేరేసరికి మధ్యాహ్నం. వాన వెలిసింది, గాలి ఇంకా విసురుతోంది. ఒడ్డున ఆ పడవ తాలూకు ఆడవాళ్ళు బారుగా కూర్చుని ఉన్నారు. అందరూ చెంగుల కిందే. ఎవరి మొహం కనపడడం లేదు. ఒక చెంగు కింద వెలుగు సన్నగిల్లింది. ఆ బట్ట లోపల ఎవరో దీపం వత్తి తగ్గిస్తున్నట్టు తగ్గి, తగ్గి, పోయింది. కేక వినపడింది. దాని పక్కది. తర్వాత అటు చివరది.

గౌరమ్మ అనే ఆమె చెంగు దించి దానయ్యను చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా అయ్య సముద్రంలో పోయినప్పుడు మా అమ్మకి తెల్దురా దానయ్యా. ఏడాదిపాటు కంచంలో అన్నం ఎట్టింది. ఎవుడైనా తలుపు తడితే మా అయ్యేనని లేసేది. నాకా ఏడాది లేకుండా సేసీసినావు గదరా నీ రేడియంతో."

మసేనమ్మ చెంగు కింద వెలుగు తగ్గింది. తగ్గింది గానీ ఆరలేదు. చీకటి పడింది, తెల్లారింది, మర్నాడూ ఆరలేదు.

"ఉన్నాడు" అంది ఆమె. "బావా, ఆయన ఉన్నాడు. నీరసంగా ఉన్నాడు, అంతే."

పక్కనే దానయ్య, సత్తెయ్యల తల్లి కొర్లమ్మ, రెండు చేతులూ రొమ్ముకు అదుముకుని ఊగుతూ, "ఉన్నాడు, ఉన్నాడు" అంటోంది.

వెతికారు. దొరకలేదు. కొట్టుకుపోయి పరాయి దేశం ఒడ్డున పడి ఉంటాడనీ, అక్కడి జైల్లో ఉంటాడనీ తీర్మానించుకున్నారు. అలా పడి, జైళ్ళలో మగ్గి, గడ్డాలు పెంచుకుని తిరిగొచ్చిన జాలర్లు ఉన్నారు కదా! అర్జీలు పెట్టారు. మసేనమ్మ మణికట్టును పట్నంలో పెద్దపెద్ద బల్లల మీద పరిచి చూపించారు. "ఇదిగో వెలుగుతోంది, మనిషి బతికే ఉన్నాడు." అధికారులు ముందు జాలిపడ్డారు, తర్వాత ఆవలించారు.

రెండు వానాకాలాలు గడిచాయి. మసేనమ్మ ఐసు షెడ్డులో చేపలు పెట్టెలకెత్తే పనికి కుదిరింది. పగలు మండుటెండలో కూడా చిమ్మచీకటి గుయ్యారంగా ఉండే షెడ్డు అది, కిటికీల్లేవు. పని చేసినంతసేపూ ఆమె చేతి మీద చేప మినుకుమంటూ ఈదుతూ ఉండేది. ఐసు లారీ నడిపే పైడయ్య, పెళ్ళాం పోయినవాడు, ఆ వెలుగును రోజూ చూసేవాడు. ఒకరోజు దానయ్యను పిలిచి టీ ఇప్పించాడు.

"మారుమనువు మన్లో తప్పు కాదు గదన్నా. నానడిగితే ఆవిడ సెయ్యి సూపించీసి ఊరుకుంటంది. మనిషితో అయితే మాటాడొచ్చు, ఎలుగుతో ఏటి మాటాడతాం? మా ఓలు ఈ మాఘంలో వేరే సంబంధం ఖాయం సేసెస్తామంతన్నారు."

"ఆమె ఏమంది?"

"సేసుకో అన్నాది. అనీసి, పెట్టెలో ఐసు పోసిన సోటే పోసింది."

*

ఆ తర్వాతి ఆదివారం దానయ్య పాలెం వెళ్ళేసరికి కొర్లమ్మ దుప్పట్లో వణుకుతూ పడుంది. చలిజ్వరం. ఒళ్ళు పెనంలా కాలుతోంది. తడిగుడ్డ నుదుట వేస్తుండగా మసేనమ్మ రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"బావా! సూడు. ఎన్నడూ ఇంతలా ఎలగలేదు. ఆయనకి జొరం. ఆ జైల్లో మందైనా ఇస్తన్నారో లేదో. ఎవరికైనా సెప్పు బావా, కాయితం రాయించు."

తలుపు దగ్గరికి వేసింది. గది చీకటయింది. ఆమె చేప దివిటీలా వెలుగుతోంది. ఆ వెలుగులో దానయ్యకు ఇంకొకటి కనిపించింది. దుప్పటి జారిన తల్లి మోచేతి లోపలి వైపు, ముడతల చర్మం మీద పాతకాలపు పచ్చబొట్ల మధ్య, చిన్న తోక. చేప తోక. అదీ వెలుగుతోంది.

"అమ్మా, ఇదేటి?"

కొర్లమ్మ జ్వరంలోనే చెయ్యి దాచుకుంది. మసేనమ్మ తలొంచుకుంది. "మేడమ్ గారికి సెప్పకు బావా, తిడతారు. ఆ రోజు ఆయన తోకకి సెయ్యియ్యలేదు గదా. పచ్చబొట్టు రంగు నేల మీద పారబోస్తే పొడిపించుకున్నోలికి అరిష్టమని గంగులు అన్నాది. అత్త తన సెయ్యి సాపింది."

"తోక నా కాడే ఉంది" అంది ముసలామె, కళ్ళు మూసుకునే. "ఈనాటికీ ఎలుగుతంది. దాని సేతిలోనా ఉన్నాడు, నా సేతిలోనా ఉన్నాడు. ఇంకేటి గావాల మీకు రుజువు?"

దానయ్య నుదుటి మీది గుడ్డ తీసి, నీళ్ళలో ముంచి, తల్లి మోచేతి మీద వేశాడు. ఎందుకు వేశాడో అతనికే తెలియదు. కొలిమి దగ్గర అలవాటైన చెయ్యి అది. మసేనమ్మ మణికట్టు మీద చేప రవంత మసకబారింది. ఆమె చూసుకోలేదు. అతను చూశాడు.

*

దానయ్య చూసినదంతా చెప్పాక హైమవతి చీటీ అంటించిన సీసాను చేత్తో తిప్పుతూ కూర్చుంది.

"జంట అన్నాం" అంది చివరికి. "అన్నాక రెండే అనుకున్నాం. పొడికి ఆ లెక్క తెలియదు దానయ్యా. మూడు చేస్తే మూడూ ఒకటే, వంద చేసినా ఒకటే. మీ తమ్ముడి వేడి ఆగిపోయిన రోజున మసేనమ్మ చేప సగానికి పడింది. మిగతా సగం మీ అమ్మ."

"అమ్మ తోక?"

"అది మసేనమ్మ."

కొలిమి చల్లారుతూ చిటపటలాడింది. కోడలి ఒంటి వెచ్చదనం అత్త చేతిలో కొడుకు, అత్త ఒంటి వెచ్చదనం కోడలి చేతిలో మొగుడు. ఒకే గుమ్మంలో, ఒకే గంజి తాగుతూ, రెండేళ్ళుగా ఒకరినొకరు వెలిగించుకుంటూ అతనికోసం ఎదురుచూస్తున్నారు.

"చెప్పకపోతే ఏమవుతుంది మేడమ్?"

"మీ అమ్మ పోయిన రోజున మసేనమ్మ చేప ఆరిపోతుంది. ఒకే రోజు ఇద్దరూ పోయారనుకుంటుంది." ఆమె కళ్ళజోడు తీసింది. "నేను చెప్తాను. తప్పు నాది."

"పేరు నాది" అన్నాడు దానయ్య. లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నీళ్ళలో ఒళ్ళు పోతుంది కదా. రంగేమవుతుంది?"

"గాజుపొర ఉంది. ఒళ్ళు పోయినా రవ్వ పోదు."

*

జ్వరం తగ్గి లేచిన కొర్లమ్మ ఇసకలో నెత్తళ్ళు ఎండబోస్తోంది. దానయ్య పక్కన చతికిలబడి చెప్పాడు. నీళ్ళు నమలలేదు. మూస, పొడి, రెండు కాదు మూడు, అన్నీ. ముసలామె చేపలు తిరగేస్తూనే వింది. విన్నాక గుప్పెడు నెత్తళ్ళు తీసి అతని మొహాన కొట్టింది.

"సముద్రం ఎక్కనోడివి, నీకేటి తెలుసురా! నా కొడుకు సచ్చిపోనాడని నాకు సెప్పడానికి ఎవుడివిరా నువ్వు!"

"నేనూ నీ కొడుకునే కదా అమ్మా."

ఆ మాట ఇన్నేళ్ళలో అతనెప్పుడూ అనలేదు. ఆమె చెయ్యి ఆగింది. అలలు వచ్చి పోతున్నాయి. కాకొకటి నెత్తళ్ళ దగ్గరికి నడిచొచ్చింది, ఎవరూ తోలలేదు.

"మసేనికి సెప్పినావా?"

"లేదు."

"సెప్తే అది ఎల్లిపోతాది. ఆ లారీవోడు ఉన్నాడు గదా." సముద్రం వైపు తిరిగింది. "సెప్పకపోతే ఉండిపోతాది. నాను సచ్చేదాకా ఉంటాది. ఆ తరవాత దానికెవులున్నారు?"

 తల్లి తనంతట తనే లేచింది, మోకాళ్ళు పట్టుకుని.

"సల్లబడితే ఆరిపోతాదన్నావు గదా. పద."

ఐసు షెడ్డు లోపల చీకటి. రంపపుపొట్టు వాసన, చేపల వాసన, ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు. ఆ చీకట్లో మసేనమ్మ చేప ఒక్కటే అటూ ఇటూ ఈదుతోంది.

"ఏటత్తా, జొరమొంటితో ఇక్కడికొచ్చినావు? బావా, నీకైనా బుద్ధి ఉండక్కర్లేదా?"

"ఒలే, ఇలగ రా. నీ సెయ్యి సూడు. నీ సెయ్యే సూడు, నన్ను సూడకు."

కొర్లమ్మ కుడిచెయ్యి మోచేతిపైదాకా ఐసుముక్కల పెట్టెలోకి దించింది. పళ్ళు కరకరలాడాయి. దానయ్య ముందుకొచ్చాడు, ఆమె ఎడంచేత్తో తోసేసింది.

ముందు ఏమీ కాలేదు. తర్వాత మసేనమ్మ మణికట్టు మీద చేప, లోతుకు మునుగుతున్న చేపలా మసకబారింది. తోక పోయింది. పొట్ట పోయింది. కన్ను చివరిదాకా ఉండి, అదీ పోయింది. 

ఆమె చెయ్యి ఆరిపోయింది గానీ, ఐసుపెట్టె లోపల తోక వెలుగుతూనే ఉంది. ఐసంతా నీలిపచ్చగా, లోపల వెన్నెల గడ్డకట్టినట్టుంది.

మసేనమ్మ ఆ ఐసు వెలుగును చూసింది. తన చీకటి చేతిని చూసింది. చదువుకున్నది కాదు, ఎవరూ విడమరిచి చెప్పలేదు. అడుగు ముందుకేసి తన మణికట్టును కూడా ఐసులోకి దించింది. అత్త కళ్ళలోకే చూస్తూ నిలబడింది. కాసేపటికి తోక కూడా మసకబారి ఆరింది. షెడ్డులో గుడ్డిచీకటి. రెండు ఊపిర్లు, ఒక నీటిచుక్క.

"ఇదన్నమాట" అంది మసేనమ్మ.

"ఇదే" అంది కొర్లమ్మ. "ఆడు లేడే అమ్మీ. ఆ రోజే ఎల్లిపోనాడు. నీకు నానూ, నాకు నువ్వూ. నువ్వెల్లు. ఆ లారీవోడి కాడికెల్లు. నాను సెప్తన్నాను."

 దానయ్యకు ఏమీ కనపడలేదు. ఏడుపు వినపడింది, రెండు గొంతులవి, ఏది ఎవరిదో తెలియకుండా. చాలాసేపయ్యాక ఐసు గలగలమంది. అరచేతులతో గబగబా రుద్దుతున్న చప్పుడు, నోటితో ఊదుతున్న చప్పుడు.

"ముసలి ఒళ్ళు. ఐసులో ఎట్టీసి నిలబడితే పచ్చవాతం వస్తాది. బుద్దుందా నీకు? ఇలగివ్వు. ఆ సెయ్యి కూడా."

ఆమె తన పొట్టకు అదిమి వెచ్చబెట్టిన ముసలిచేతి మీద ముందు తోక కదిలింది. తర్వాత, మణికట్టు మీద, కన్ను తెరిచినట్టు చేప.

*

శవానికి బదులు గడ్డిబొమ్మ కట్టి సత్తెయ్యకు కర్మ చేశారు. గౌరమ్మే వచ్చి మసేనమ్మ పక్కన కూర్చుంది. మాఘంలో పైడయ్యతో మనువు జరిగింది. అతని ఇంటికి మసేనమ్మ ఒక ట్రంకుపెట్టె, రెండు తపేలాలు, ఒక అత్తతో సహా వెళ్ళింది. "ఈవిడేటి?" అని పైడయ్య వాళ్ళు అడిగితే, "ఇది నా సేప తోక" అని చెప్పిందట. ఊరు ఇంకా నవ్వుతూనే ఉంది.

హైమవతి సీసా మీద చీటీ చింపేసింది. కొత్త పేరు పెట్టలేదు. ఇంకే పడవకీ పొడిపించలేదు. పెద్దవాళ్ళు బొండాలు తాగడానికి రావడం మానేశారు. కొలిమి మాత్రం వెలుగుతోంది. నీళ్ళల్లో తేలే మనిషి కంటపడే రంగు కోసం మళ్ళీ మొదటినుంచీ కాలుస్తున్నారు. "నీకూ ఒక బొట్టు పొడిపించుకుంటావా దానయ్యా?" అని ఒకసారి అడిగింది. "రెండో సగం ఎవరికివ్వను మేడమ్?" అన్నాడు. 

మొన్నామధ్య ఐసు షెడ్డు మీదుగా వెళ్తుంటే మసేనమ్మ బయట ఎండలో పెట్టెలు లెక్కేయిస్తోంది. మధ్యలో ఆగి చెంగు తలమీదికి లాక్కుంది. చెంగు కింద మొహం నీలిపచ్చగా మెరిసింది.

"అత్త ఎండలోకి జరిగినట్టుంది బావా" అంది, చెంగు దించకుండానే. "పొద్దున్న సల్లగా ఉండీది. ఇప్పుడు బాగున్నాది."

దానయ్య తలూపి ఒడ్డుకు నడిచాడు. ఇసకలో కూర్చున్నాడు. కడుపులో తిప్పకుండా సముద్రాన్ని అంత దగ్గరగా చూడడం అతనికి ఈమధ్యే అలవాటవుతోంది. పచ్చబొట్టు తప్ప మనిషి వెంట ఏదీ పోదని పాలెంలో నమ్మకం. ఒళ్ళు పోయినా రవ్వ పోదని హైమవతి శాస్త్రం. ఈ రెండూ ఒక్కచోట కలుస్తాయని అతననుకోలేదు. ఎండ చొరబడని లోతున, ఇసకలో, తోక లేని చేప ఒకటి ఇప్పుడు వెలుగుతూ ఉంటుంది. ఒక వెచ్చదనం పెళ్ళానిది, ఒకటి తల్లిది. మొత్తం సముద్రంలో వాడొక్కడే చలివేయకుండా పడుకుని ఉన్నాడు.

ముసలామె ఎండలోనే కూర్చోవాలి, అనుకున్నాడు దానయ్య. సాయంత్రం అటు వెళ్ళేటప్పుడు ఒక కంబళి తీసుకెళ్ళాలి.